కొండ కింది ఊరు వేసవి మంటలకు ఎలా సిద్ధపడాలి? ఫైర్ స్టేషన్ వాళ్లను ఏమడగాలి?

మీరు అడిగింది ఇది: ఊరు సిద్ధవటం పక్కన లంకమల కొండ పాదాన ఉంది, ఏటా ఎండలు ముదిరేసరికి కొండ అంటుకుంటోంది, పోయినేడు మంట గడ్డివాముల దాకా వచ్చింది, ఫైర్ స్టేషన్ వాళ్లను పిలిపించి ఊళ్లో అవగాహన కార్యక్రమం పెట్టిద్దామనుకుంటున్నారు. వాళ్లను ఏమడగాలి, ఊరు ముందుగా ఏం చేసుకోవాలి?

తప్పకుండా పిలిపించండి. అయితే ఏప్రిల్‌లో కాదు, సంక్రాంతి వెళ్లగానే. అగ్నిమాపక వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది స్మృతికి పెట్టిన వారం అది. ఊళ్లన్నీ ఆ వారంలోనే వాళ్లను పిలుస్తాయి. మన కొండల మీద బోద, చెంగలి గడ్డి డిసెంబరు, జనవరి నాటికే ఎండిపోతాయి, ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుతుంది. ఏప్రిల్ 14 వచ్చేసరికి మంటల కాలం సగం గడిచిపోయి ఉంటుంది. జనవరి చివరి వారంలో తేదీ ఇమ్మని పంచాయతీ లెటర్‌హెడ్ మీద స్టేషన్ ఫైర్ ఆఫీసరుకు అర్జీ పెట్టండి. అప్పుడు వాళ్లకూ కాస్త తీరిక ఉంటుంది.

వచ్చాక డ్రమ్ములో మంట పెట్టి, మంటలార్పే సిలిండరుతో ఆర్పి చూపిస్తారు. అది చూడదగ్గదే, పిల్లలకు బాగా గుర్తుంటుంది. కానీ మీ ఊరికి అంతకన్నా పనికొచ్చేది వాళ్లతో ఒక గంట నడక. సర్పంచి, లైన్‌మన్, అటవీ శాఖ బీట్ ఆఫీసరు, కొండెక్కే గొర్రెల కాపరి ఒకాయన, ట్రాక్టరున్న రైతులు ఇద్దరు కలిసి, మెయిన్ రోడ్డు నుంచి కొండ వైపున్న చివరి వామి దాకా వాళ్లను నడిపించండి. ఎక్కడ ఇబ్బందో అప్పటికప్పుడు చెప్పమనండి, రాసుకోండి.

ఆ నడకలో ముందు చూడాల్సింది దారి. ఫైరింజన్ వెడల్పు రెండున్నర మీటర్లకు దగ్గరగా ఉంటుంది. నీళ్లతో నిండిన బండికి కనీసం 12 అడుగుల దారి కావాలి, చివర్న తిరగడానికి చోటు కావాలి. సందు మధ్యలో నిలబెట్టిన బండ్లు, ఇళ్లకు వేలాడే సర్వీసు వైర్లు, బరువుకు ఆగని కల్వర్టు, తాళం వేసిన తోట గేటు, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ప్రతి ఊళ్లోనూ బండిని ఆపుతుంది.

రెండోది నీళ్లు. ఊళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మామూలు ఫైరింజన్‌లో పట్టేది నాలుగైదు వేల లీటర్లు. ఒక్క పైపు పూర్తి ప్రెషరుతో వదిలితే నిమిషానికి సుమారు 450 లీటర్లు పోతాయి. అంటే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. మళ్లీ నింపడానికి చోటు లేకపోతే బండి వెనక్కి పోవాల్సిందే. బోరు ఉందిలే అనుకుంటారు. మంట తీగల కిందికి వచ్చిందంటే లైన్‌మన్ కరెంటు తీస్తాడు, తీయాలి కూడా. అప్పుడు మోటరు ఆగిపోతుంది. పోనీ కరెంటున్నా, సన్నగా పోసే బోరుతో ఆ ట్యాంకు నిండడానికి అర గంట పైనే పడుతుంది. దిగుడు బావిని కూడా నమ్ముకోవద్దు, నీటి మట్టం ఏడు మీటర్ల కన్నా లోతుకు పోతే బండి పంపు లాగలేదు. కాబట్టి ఫిబ్రవరి 15 నుంచి తొలకరి దాకా 5,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకరు ఒకటి నింపి, కొండ వైపున్న దారి మొదట్లో నిలపండి. పశువుల తొట్లు రోజూ సాయంత్రానికి నిండుగా ఉండాలి. మందు కొట్టే ట్రాక్టరు స్ప్రేయర్లున్న రైతుల పేర్లు రాసి పెట్టుకోండి. 500 లీటర్ల స్ప్రేయరుకు నీళ్లు తక్కువే, కానీ అంచున పాకే గడ్డి మంటకు ఫైరింజన్ కన్నా అదే బాగా పనికొస్తుంది, పొలం గట్ల మీద ఎక్కడికైనా పోగలదు. పురుగు మందు లేకుండా డ్రమ్మును బాగా కడిగి ఉంచాలి. ఆ మందు పొగతో కలిసి గొంతులోకి పోతే ప్రమాదం.

ఒక మాట తేల్చుకోవాలి. కొండ మీద మంట అటవీ శాఖ పని. ఇళ్లు, కొట్టాలు, వాములు, తోటలు ఫైర్ శాఖ పని. ఫైరింజన్ కొండ ఎక్కదు, పైపులు ముక్కకు ముక్క కలుపుకుంటూ పోయినా కొంతదూరమే. అందుకని పొగ కనబడగానే రెండు ఫోన్లు చేయాలి: 101కి గానీ 112కి గానీ ఒకటి, బీట్ ఆఫీసరుకు ఒకటి. తీగలు తెగితే 1912. ఫోన్లో ఊరు, మండలం, ఏ రోడ్డు మీద ఎక్కడ తిరగాలి, ఏం కాలుతోంది, గాలి ఎటు, ఇవి చెప్పాలి. ఒక మనిషి రోడ్డు మొదట్లో నిలబడి బండికి దారి చూపాలి. ఇది రాత్రిపూట మరీ ముఖ్యం. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను గుర్తించి ఫోన్లకు మెసేజ్ పంపుతుంది, ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది, చిన్న మంటలు దానికి అందవు. కాపరి కన్ను దానికన్నా ముందు చూస్తుంది. కాపరుల నంబర్లు ఊరి వాట్సాప్ గ్రూపులో ఉండాలి.

ఇక అసలు పని, ఖాళీ పట్టీ. మీ ఊరిని కాపాడేది ఫైరింజన్ కన్నా ఇదే. కొండ పాదానికీ మొదటి వామికీ మధ్య, పట్టా భూముల వైపు, గడ్డి వేరుతో సహా లేకుండా మట్టి కనబడేలా ఒక పట్టీ తీయాలి. రిజర్వు ఫారెస్టు హద్దు లోపల మాత్రం మీరు చేయి పెట్టొద్దు, అక్కడ ఫైర్ లైన్లు తీసే పని అటవీ శాఖది, అది చేయమని బీట్ ఆఫీసరును అడగండి. మోకాలెత్తు గడ్డికి 10 అడుగుల పట్టీ చాలు. నడుమెత్తు బోద ఉన్నచోట 20 నుంచి 30 అడుగులు కావాలి, ఎందుకంటే గాలికి మంట నాలుక గడ్డి ఎత్తుకు మూడు, నాలుగింతలు వంగి ముందుకు సాగుతుంది. ట్రాక్టరు కల్టివేటరుతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి దున్ని, గుంటక తోలి గడ్డి పోగుచేసి బయటికి తీసుకెళ్లాలి. పశువులకు వేయండి. ఆ పోగును పట్టీ అంచునే వదిలేస్తే మంటకు మేత పెట్టినట్టే, అక్కడే కాల్చేద్దామనుకుంటే ఊరికి మీరే నిప్పు తెచ్చుకున్నట్టు.

పట్టీ పెట్టినా మంట ఎందుకు దాటుతుందంటే ప్రధానంగా మూడు కారణాలు. జనవరిలో దున్ని వదిలేస్తారు, మార్చిలో ఆకు రాలి మట్టి మీద పరుచుకుంటుంది, ఆ ఆకు మీదుగా మంట పాకి వస్తుంది. మార్చి నడిమికి ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి ఊడవాలి. రెండోది కంప. పొలానికి వేసిన ఎండు ముళ్లకంచె పట్టీకి అడ్డంగా పోయి ఉంటే ఔటు వత్తిలా మంటను ఇటు చేరుస్తుంది. పట్టీ తగిలే చోట 15 అడుగుల కంచె తీసేసి, ఆ మేర తీగ కట్టండి. తోటల డ్రిప్ పైపులు కూడా అంతే, పట్టీలోంచి పోయేవి మట్టిలో పూడ్చాలి. మూడోది దొర్లుడు. వాలు మీద కాలిన మొద్దులు, ఎండు పేడ కిందికి దొర్లి పట్టీ దాటి పడతాయి. కొండ వైపు అంచున అడుగు లోతు కాలవ తీస్తే అవి అందులో ఆగుతాయి.

కొండ మంట వాలు మీద పైకి పరుగెత్తుతుంది, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ వేగం దాదాపు రెండింతలవుతుంది. కిందికి మెల్లగా దిగుతుంది. పగలు గాలి లోయ నుంచి పైకి, రాత్రి కొండ నుంచి కిందికి వీస్తుంది. సాయంత్రం శిఖరాన మంట కనబడితే, ఇటు రాదులే అని పడుకోవద్దు. రాత్రికి దిగొచ్చు. ఆ రాత్రి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని పట్టీ వెంబడి కావలి ఉండాలి.

వాముల సంగతి. ఇంటికీ వామికీ 60 అడుగుల దూరం, కరెంటు తీగల కింద గానీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గానీ వామి వద్దు. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి రాలే రవ్వ చాలు. ఉన్న మేతంతా ఒకే చోట వేయకుండా రెండు చోట్ల వేస్తే ఒకటైనా మిగులుతుంది. వాన తగిలిన వేరుశనగ కట్టెను పూర్తిగా ఆరకుండా వామి వేస్తే లోపల దానంతట అదే వేడెక్కుతుంది, ఎవరో కక్షతో పెట్టారని గొడవలు పడే మంటల్లో కొన్ని ఇవే. వామి వేశాక ఆరు వారాల దాకా ఇనుప కడ్డీ లోపలికి దించి పావు గంట ఉంచి తీయండి. చేత్తో పట్టలేనంత వేడిగా ఉంటే లోపల 60 డిగ్రీలు దాటినట్టే. అప్పుడు తొందరపడి వామి విప్పొద్దు, గాలి తగలగానే భగ్గుమంటుంది. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసి, నీళ్లు పక్కన పెట్టుకుని, పొర పొరగా తడుపుతూ విప్పాలి.

మంట ఆర్పే మనుషులకు నేర్పించమని వాళ్లను గట్టిగా అడగండి. నూలు బట్టలు, బూట్లు వేసుకోవాలి. పాలిస్టర్ చీర, లుంగీ, చెప్పులతో ఎవరినీ ముందుకు పంపొద్దు. కాలిపోయిన నల్ల నేల వైపు నుంచి, మంట వెనక, పక్కల అంచుల మీద కొట్టుకుంటూ తలకాయ వైపు, అంటే మంట ముందుకు పరుగెత్తే కొస వైపు పోవాలి. పచ్చి వేప, కానుగ కొమ్మలతో ఎత్తి బాదితే నిప్పు రవ్వలు చెదిరి ఇంకోచోట అంటుకుంటాయి, నేలకు అదిమి లోపలికి తుడిచినట్టు కొట్టాలి. మంటకు ఎగువన వాలు మీద నిలబడకూడదు. మంట ఎత్తు మనిషి ఛాతీ దాటితే కొమ్మలతో పని కాదు, వెనక్కి వచ్చి పట్టీ దగ్గర నిలబడాలి. ఎదురు నిప్పు పెట్టే ఆలోచన, అంటే వచ్చే మంటకు మేత లేకుండా దాని ముందున్న గడ్డిని మనమే కాల్చడం, అటవీ సిబ్బంది పక్కన లేకుండా చేయొద్దు, గాలి తిరిగిందంటే మనుషులే మధ్యలో చిక్కుకుంటారు. ఆరిపోయిందనుకున్నాక మొద్దులు, పేడ కుప్పలు చేతి వెనక వైపుతో దగ్గరగా చూసి, సెగ ఉంటే తవ్వి నీళ్లు పోయాలి. మర్నాడు మధ్యాహ్నం గాలికి మళ్లీ రేగేది వాటిలోంచే.

పశువులను పలుపు విప్పడానికి టైం చూసుకోవద్దు, కొడవలితో కోసేయండి. కొట్టంలో కట్టేసి ఉన్నవే కాలిపోతాయి, వదిలినవి తమ దారి తాము చూసుకుంటాయి.

మంట ఎలా మొదలవుతుందో కూడా ఆ సమావేశంలో మాట్లాడాలి. కొత్త చిగురు కోసం గడ్డి కాల్చడం, తేనె పట్టుకు పొగ పెట్టడం, బీడీ పారేయడం, శివరాత్రికి నిత్యపూజకోన పోయే దారిలో వంటలు చేసి పొయ్యి ఆర్పకుండా వదలడం. లంకమల అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. అది చెప్పాలి, కానీ కాపరులను నిలబెట్టి బెదిరించడం వల్ల నష్టమే ఎక్కువ, మర్నాటి నుంచి పొగ చూసినా చెప్పరు. శివరాత్రికి దారి మొదట్లో ఇద్దరు మనుషులు, రెండు డ్రమ్ముల నీళ్లు, పొయ్యి ఆర్పించే పని, ఇది అంతకన్నా మేలు. ఇంకొకటి, మంట భయంతో అడవి అంచున చిట్టడవి మొత్తం నరికేయొద్దు. అంతరించిందనుకున్న కలివి కోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది మీ లంకమల పొదల్లోనే. పట్టీ మేరకు తీస్తే చాలు.

కాలిన గాయానికి 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయాలి. ఇంకు, పేస్టు, పసుపు పూయొద్దు, అంటుకున్న బట్ట పీకొద్దు, 108కి ఫోన్ చేయండి. నష్టం జరిగితే, ఫైరింజన్ వచ్చి వెళ్లినట్టు స్టేషన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెవెన్యూ వాళ్లు వచ్చి పంచనామా రాసేదాకా కాలిన చోటు కదిలించకుండా ఫోటోలు తీసి పెట్టుకోండి, పశువులు పోయి ఉంటే పశువైద్యుడి సర్టిఫికెట్ కూడా కావాలి.