పిల్లాణ్ణి ఇండియా తీసుకెళ్ళి ఇక రామంటే, ఇక్కడ మిగిలిన తండ్రికి ఎలా తోడుండాలి?

మీ కొలీగ్ భార్య ఐదేళ్ళ బాబుని తీసుకుని సెలవులకని డాలస్ నుంచి గుంటూరు వెళ్ళి ఇక రానని చెప్పిందనీ, ఆయన సరిగ్గా తినట్లేదనీ, ఏం చేయాలో తెలియట్లేదనీ రాశారు. నేనూ డాలస్‌లోనే, ఒకప్పుడు ఆయన స్థానంలో ఉన్నవాణ్ణే. 2018 జూన్‌లో రిటర్న్ టికెట్లతో వెళ్ళిన నా భార్య, నాలుగేళ్ళ పాప ఆగస్టులో రాలేదు.

ఓదార్పు తర్వాత, ముందు లాయర్. అమెరికాలో, పిల్లాణ్ణి తీసుకెళ్ళకముందు వరసగా ఆరు నెలలు వాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ రాష్ట్రపు కోర్టే కస్టడీ చూస్తుంది, తీసుకెళ్ళిపోయాక కూడా తల్లో తండ్రో అక్కడే ఉంటే ఇంకో ఆరు నెలల దాకా ఆ అధికారం దానికే ఉంటుంది. నేనేమో పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు కదా, దసరాకల్లా సర్దుకుంటుందిలే అనుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మీరే కారు తీసి, ఈ వారంలోనే ఆయన్ని ఫ్యామిలీ లాయర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అమెరికా విదేశాంగ శాఖలో (స్టేట్ డిపార్ట్‌మెంట్) ఈ కేసులు చూసే పిల్లల విభాగం ఒకటి ఉంది, అక్కడా కేసు తెరిపించండి.

"బాబు అమెరికా సిటిజన్ కదా, ఎంబసీ వాళ్ళే తెచ్చేస్తారు" అని మాత్రం అనకండి. నాతో అనని వాళ్ళు లేరు. ఎంబసీ వాళ్ళు బాబు ఎలా ఉన్నాడో చూసి రావడానికి ప్రయత్నిస్తారు, అదీ అవతలివాళ్ళు ఒప్పుకుంటేనే. పిల్లల్ని వెనక్కి పంపే 1980 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా చేరలేదు. అందుకని మామూలుగా అక్కడ హైకోర్టులో హెబియస్ కార్పస్ (పిల్లాణ్ణి కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్) వేస్తారు. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అమెరికా కోర్టు ఆర్డరు చూసే విషయాల్లో ఒకటి మాత్రమే, పిల్లాడి మేలే ముఖ్యం. బాబు అక్కడి బడికి అలవాటు పడేకొద్దీ ఈయన వాదన పలచబడుతుంది. టెన్షన్ పెట్టాలని కాదు, ఆలస్యం చేయొద్దని చెప్తున్నాను.

మీరు కొలీగ్ కాబట్టి మీ వల్లే అయ్యే పని ఇంకోటుంది. ఆయన హెచ్1బి వర్క్ వీసా మీద ఉంటే, ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు, ఆ తర్వాత ఆయనే టెక్సస్‌లో లేకపోతే ఇక్కడి కేసు ఏమవుతుంది? కోర్టు రోజుల్లో ఆయన పని మీరు అందుకోండి. మా టీంలో ఒకతను ఏడాది పాటు నా ఆన్‌కాల్ డ్యూటీలు తీసుకున్నాడు, ఒక్క మాట అనకుండా. డేకేర్ రసీదులు, టీకాల కార్డు, అపార్ట్‌మెంట్ లీజు, బాబు ఇక్కడే పెరిగాడని చూపించే కాగితం ఏదైనా సరే, పక్కన కూర్చుని స్కాన్ చేసిపెట్టండి. నేనైతే డేకేర్ ఫోల్డరు తెరిస్తే పాప గీసిన బొమ్మలు కనపడి, మళ్ళీ వారం దాకా దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదు.

ఆవిడ గురించి తీర్పులు మీకొద్దు. లోపల ఏం జరిగిందో మీకు తెలియదు, నా విషయంలోనూ తప్పంతా అవతలివైపే లేదు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి నా మీద జాలితో ఆవిడ ఫొటో పెట్టి నాలుగు మాటలు రాశాడు. ఆ స్క్రీన్‌షాట్లు తిరిగి తిరిగి హైకోర్టులో నా పిటిషన్‌కి జవాబుగా వాళ్ళు వేసిన కౌంటర్‌లో తేలాయి. మీ కొలీగ్ కోపంలో నేరుగా వెళ్ళి బాబుని ఎత్తుకొచ్చేస్తానంటే ఆపండి. అక్కడ భార్యను వేధించాడనే కేసు (పాత 498ఏ, 2024 జూలై నుంచి బీఎన్‌ఎస్ 85) లాంటిది ఏదైనా పెట్టారేమో లాయర్ చూసేదాకా అసలు ఫ్లైట్ ఎక్కనివ్వకండి.

నన్ను నిలబెట్టింది శనివారం రాత్రులు. పాపతో వీడియో కాల్ అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదికి, మాకు వేసవిలో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, నవంబర్‌లో టైం మారాక ఎనిమిదిన్నర. ఒక్కోసారి అరగంట రింగవుతూనే ఉండేది, ఎత్తేవాళ్ళు కాదు. ఒక ఫ్రెండు ప్రతి శనివారం వచ్చి వంటింట్లో ఏదో ఒకటి వండుకుంటూ ఉండేవాడు, కాల్ అయ్యాక "పాప ఏమంది" అని ఎప్పుడూ అడగలేదు, కంచం పెట్టేవాడు. ఎత్తని కాల్స్ తేదీలు, టైములు ఒక నోట్‌బుక్‌లో రాసిందీ అతనే, తర్వాత మీడియేషన్‌లో, అంటే రాజీ చర్చల్లో, నా లాయర్ చూపించింది ఆ పుస్తకమే. ఇప్పుడు పాప విజయవాడలోనే చదువుతోంది, అక్కడ కుదిరిన రాజీ ప్రకారం వేసవిలో ఆరు వారాలు నా దగ్గర ఉంటుంది.

ఇంకోటి, మీ పిల్లల పుట్టినరోజుకి ఆయన్ని పిలవండి. బాధపడతాడని నన్ను అందరూ పిలవడం మానేశారు. రావాలో వద్దో ఆయన చూసుకుంటాడు.