బొగ్గుగని ఇంటి అమ్మాయికి గ్రీన్ ఉద్యోగం: ఏ దారి పట్టాలి?

ప్రశ్న: మాది గోదావరిఖని. సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. మా అమ్మాయికి 19 ఏళ్లు. ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) డిప్లమా అయిపోయింది, డిప్లమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ రాసింది, ర్యాంకు రావాలి. ప్రభుత్వాలు బొగ్గు తగ్గించి గ్రీన్ ఎనర్జీ వైపు పోతున్నాయని, అందులో లక్షల ఉద్యోగాలు వస్తాయని పేపర్లో చదువుతున్నాం. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఇంటికే వచ్చి బీటెక్ రెన్యూవబుల్ ఎనర్జీలో చేర్పించమంటున్నారు. నాలుగేళ్లకు హాస్టల్‌తో కలిపి పది లక్షలవుతుందట. తోటి కార్మికులేమో మెడికల్ బోర్డుకు పెట్టుకుని, పనికి అన్‌ఫిట్ అనిపించుకుని, నా బదులు వారసత్వ ఉద్యోగం పిల్లకు ఇప్పించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మెడికల్ బోర్డు సంగతి. మీకు నిజంగా ఆరోగ్యం బాగోలేకపోతే అది వేరే మాట. పని చేయగలిగిన మనిషి ఎనిమిదేళ్ల సర్వీసు వదులుకుని, లేని జబ్బు చూపించడానికి మధ్యవర్తుల చేతిలో డబ్బు పెట్టే దారిలో మాత్రం దయచేసి అడుగు పెట్టకండి. ఆ దారిలో అప్పులపాలైన ఇళ్లు మీ కాలనీలోనే మీకు తెలిసి ఉంటాయి. ఇంకో మాట కూడా ఉంది. వారసత్వంగా చేరినవాళ్లు మొదట బదిలీ వర్కర్‌గానో (రానివాళ్ల స్థానంలో పనిచేసే కార్మికుడు) జనరల్ మజ్దూర్‌గానో (సాధారణ కూలీ) మొదలుపెట్టాలి. మూడేళ్లు ఎలక్ట్రికల్ చదివిన అమ్మాయికి అది ముందడుగు కాదు. మీ జీతం ఇంకా ఎనిమిదేళ్లు ఇంటికి వస్తుంది. ఆ ఎనిమిదేళ్లే మీ అమ్మాయికి మీరివ్వగలిగే పెద్ద ఆస్తి.

ఇక బొగ్గు నిజంగా పోతుందా అన్న మీ భయం. 2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం 2070 నాటికి నెట్ జీరో (గాల్లోకి వదిలే కార్బన్ ఎంతో, తిరిగి తొలగించేదీ అంతే) సాధిస్తామని, 2030 నాటికి బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని విద్యుత్ సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు పెంచుతామని చెప్పింది. 2025 జులై నాటికి దేశంలోని ప్లాంట్ల సామర్థ్యంలో సగం అలాంటి వనరులదే అయింది. ఈ వార్త చూసి చాలామంది బొగ్గు పని అయిపోయిందనుకుంటున్నారు. సామర్థ్యం వేరు, వచ్చే కరెంటు వేరు. సోలార్ ప్లాంటు పగటిపూట కొన్ని గంటలే పనిచేస్తుంది. మనం వాడే ప్రతి వంద యూనిట్లలో ఇప్పటికీ సుమారు డెబ్బై బొగ్గువే. సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. మీ రిటైర్మెంటు దాకా మీ డంపర్ ఆగదు.

అయితే మీ అమ్మాయి లెక్క వేరు. ఇవాళ 19 ఏళ్ల పిల్ల అరవైలోకి వచ్చేసరికి 2060ల మధ్యకు వస్తాం. అంటే తన ఉద్యోగ జీవితమంతా ఈ మార్పు జరిగే కాలంలోనే గడుస్తుంది. మీరు బొగ్గును నమ్ముకుని బతికినట్టు తను బతకలేదు.

ఇక్కడ మీకు బాగా తెలిసిన విషయం ఒకటి గుర్తు చేస్తాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. అన్నేసి ఉద్యోగాలు తగ్గింది సోలార్ ప్యానెళ్ల వల్ల కాదు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మస్ పని (తట్టలతో, పారలతో బొగ్గు ఎత్తే పని) యంత్రాలకు పోయింది, కొత్త నియామకాలు తగ్గాయి. టన్నులు పెరిగాయి, మనుషులు తగ్గారు. గ్రీన్ ఎనర్జీలోనూ ఇదే జరుగుతుంది. అందుకే ‘ఇన్ని లక్షల ఉద్యోగాలు’ అనే మాట వినగానే అవి కట్టేటప్పటి ఉద్యోగాలా, నడిపేటప్పటి ఉద్యోగాలా అని అడగాలి.

మీ ఊళ్లోనే చూడొచ్చు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు ఉంది కదా. 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. ఐదు వందల ఎకరాల నీటి మీద, 40 బ్లాకుల్లో, దాదాపు నాలుగున్నర లక్షల ప్యానెళ్లు. ఖర్చు 423 కోట్లు, కట్టింది బీహెచ్‌ఈఎల్. కట్టేటప్పుడు ఫ్లోట్లు అమర్చేవాళ్లు, ప్యానెళ్లు బిగించేవాళ్లు, కేబుళ్లు లాగేవాళ్లు ఎందరో పనిచేశారు. ఇప్పుడు దాన్ని నడపడానికి అంతమంది అవసరం లేదు. కానీ ఒక్కో బ్లాకుకు ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు, హెచ్‌టీ (హైటెన్షన్) బ్రేకరు ఉన్నాయి. వాటిలో తేడా వస్తే తెలుసుకుని సరిచేసే మనిషి ప్లాంటు ఉన్నంత కాలం కావాలి. ఆ పనికి పునాది మీ అమ్మాయి చదివిన ఈఈఈనే.

నా దగ్గరికి సలహాకు వచ్చే పిల్లల్లో ఒకబ్బాయి డిప్లమా కాగానే ఒక సోలార్ కాంట్రాక్టరు దగ్గర చేరాడు. పద్నాలుగు నెలలు ఎండలో కష్టపడి స్ట్రక్చర్లు బిగించాడు. ప్లాంటు ప్రారంభమైన నెలలో పని అయిపోయిందని పంపేశారు. అదే సైటులో అతనితో చేరిన ఇంకో కుర్రాడు ఖాళీ ఉన్నప్పుడల్లా ప్లాంటును పరీక్షించి ప్రారంభించే కమిషనింగ్ టీము వెనక తిరిగాడు. మెగ్గరుతో ఇన్సులేషన్ చూడటం, ఎర్త్ రెసిస్టెన్స్ కొలవడం, రిలే టెస్టింగ్, ప్లాంటును కంప్యూటర్లో గమనించే స్కాడా తెరమీద ఏ స్ట్రింగు (ప్యానెళ్ల వరుస) తక్కువిస్తోందో పట్టుకోవడం నేర్చుకున్నాడు. అతన్ని ఓ అండ్ ఎంలో, అంటే ప్లాంటు నడిపే, నిర్వహించే పనిలో ఉంచుకున్నారు. ఇద్దరి సర్టిఫికెట్టూ ఒకటే. వాళ్ల మధ్య తేడా ఆ పద్నాలుగు నెలల్లో ఎవరు ఏం నేర్చుకున్నారన్నదే.

ఇప్పుడు ఆ ప్రైవేటు యూనివర్సిటీ కోర్సు. చేర్పించొద్దనే నా సలహా. మీ అమ్మాయి డిప్లమా పూర్తిచేసింది కాబట్టి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లవచ్చు. వాళ్లు నాలుగేళ్ల ఫీజు చెప్పారంటే తనను మళ్లీ మొదటి ఏడాదిలో కూర్చోబెడుతున్నారన్నమాట. ఒక ఏడాది వయసు, ఒక ఏడాది ఫీజు ఉత్తపుణ్యానికి పోతాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది కోర్సు పేరుతో వస్తుంది. డిస్కమ్‌లు, ట్రాన్స్‌కో, జెన్‌కో లాంటి ప్రభుత్వ విద్యుత్ సంస్థల నోటిఫికేషన్లలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎలక్ట్రికల్ పోస్టులకు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, సబ్ ఇంజినీర్ పోస్టులకు ఎలక్ట్రికల్ డిప్లమా అడుగుతారు. కొత్త పేరుతో డిగ్రీ తీసుకున్నవాళ్లు అది ఎలక్ట్రికల్‌తో సమానమని నిరూపించుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. మా పిల్లలకు నేనెప్పుడూ చెప్పేదొకటే: గ్రీన్ అనేది ఇంటిపేరు లాంటిది. అసలు పేరు ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్, కెమికల్. ముందు అసలు పేరు సంపాదించుకుంటే ఇంటిపేరు తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు.

కాబట్టి ఈసెట్‌లో ఈఈఈకే మొదటి ఓటు వేయండి. మీకు దగ్గర్లోనే సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ కాలేజీ ఉంది. ఈ ఏడాది అక్కడ ఈఈఈలో ఎన్ని లాటరల్ సీట్లున్నాయో (నేరుగా రెండో ఏడాదిలో చేరే సీట్లు) కౌన్సెలింగ్ లిస్టులో చూడండి. మీ జీతంతో ఫీజు రీయింబర్స్‌మెంటు ఆదాయ పరిమితి దాటిపోతుంది. అందుకే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీ సీటు మీ ఇంటికి నిజమైన ఆసరా. కంప్యూటర్ సైన్సుకు మారమని చాలామంది చెబుతారు. తనకు దానిమీద ఇష్టముంటే సరే. ఈఈఈలోనే ఉంటూ పైథాను, డేటా పని నేర్చుకున్న పిల్లలకు ఈ రంగంలో గిరాకీ బాగుంది. రేపు మధ్యాహ్నం ఎంత ఎండ కాస్తుంది, ఎంత గాలి వీస్తుందని ముందే లెక్కగట్టి గ్రిడ్‌కు చెప్పడం ఇప్పుడు పెద్ద సోలార్, గాలి విద్యుత్ ప్లాంట్లకు తప్పనిసరి పని.

ర్యాంకు అనుకున్నంత రాకపోతే కంగారు పడకండి. నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకుంటే ఏడాది అప్రెంటిస్‌షిప్ దొరకొచ్చు, స్టైపెండు వస్తుంది, ఈసెట్ మళ్లీ రాయొచ్చు. సింగరేణికే రెండు వందల మెగావాట్లు దాటిన సోలార్ ప్లాంట్లున్నాయి. మీరు లోపలి మనిషి కాబట్టి డిప్లమా అప్రెంటిస్‌లను ఎప్పుడు తీసుకుంటారో మీకే ముందు తెలుస్తుంది. ఇంకోటి సూర్యమిత్ర శిక్షణ. జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టింది, 600 గంటల కోర్సు, ఫీజు ఉండదు. బీటెక్‌కు ఇది బదులు కాదు. చేతికి పని అలవాటు కావడానికి మాత్రం మంచిది.

ఉద్యోగాలు ఎక్కడ ఎక్కువో చెప్పమంటే చాలామంది పెద్ద సోలార్ పార్కుల వైపు చూపిస్తారు. నా అంచనాలో ఇంటికప్పులే ముందుంటాయి. సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ, ఇంధన పరిశోధన సంస్థలు వేసిన లెక్క ప్రకారం ఒక మెగావాటు నేల మీద పెడితే ఒక మనిషికి సుమారు మూడున్నరేళ్ల పని పుడుతుంది. అదే మెగావాటు ఇళ్ల కప్పుల మీద విడివిడిగా పెడితే దాదాపు పాతికేళ్ల పని. ప్రతి ఇంటికీ వెళ్లాలి, నీడ చూడాలి, డిజైన్ వేయాలి, మీటరు మార్పించాలి కదా. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకానికి కేంద్రం 75,021 కోట్లు కేటాయించింది. లక్ష్యం కోటి ఇళ్లు. మూడు కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ. పెట్టిన వెండరు ఐదేళ్లు నిర్వహణ కూడా చూడాలి. అంటే పని పెట్టిన రోజుతో ముగిసిపోదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో తెచ్చిన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ 2030 నాటికి మరో 20,000 మెగావాట్లు చేర్చాలంటోంది. మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలన్న ఒప్పందాలూ జరిగాయి. ఆ చిన్న ప్లాంట్లను చూసుకోవడానికి జిల్లాల్లోనే ఉండే టెక్నికల్ మనుషులు కావాలి. కరెంటు తెలిసిన ఆడపిల్ల ఆ సంఘాల అక్కలతో కూర్చుని మాట్లాడగలిగితే తనను వదులుకోరు.

ఆంధ్రప్రదేశ్ 2024లో తెచ్చిన పాలసీ పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అంటోంది. అవి లక్ష్యాలు, నియామక పత్రాలు కావు. అయినా నేల మీద కనిపించేవి ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు (నీటిని పైకి తోడి ఉంచి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది), అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్. హైడ్రోజన్ అనగానే అది కెమికల్ వాళ్ల పని అనుకోకండి. నీటిని కరెంటుతో విడగొట్టడమే అక్కడి అసలు పని. ట్రాన్స్‌ఫార్మర్లు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్లు లేకుండా ఆ ప్లాంటు ఒక్క గంట నడవదు. మీ రామగుండం ఎరువుల కర్మాగారం ఇవాళ సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేస్తోంది. ఆ హైడ్రోజన్‌ను కరెంటుతో తీయాలన్నదే కేంద్రం 2023లో 19,744 కోట్లతో ప్రకటించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ వెనక ఉన్న ఆలోచన.

అందరూ మరచిపోయే దారి ఇంకోటుంది, నాకది చాలా ఇష్టం. ఎనర్జీ ఆడిటర్. సిమెంటు, ఎరువులు, థర్మల్ విద్యుత్ లాంటి పెద్ద పరిశ్రమలు ఎంత ఇంధనం వాడుతున్నాయో చట్టప్రకారం లెక్క చెప్పాలి, ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకోవాలి. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల (కార్బన్ తగ్గించినవాళ్లకు దక్కే, అమ్ముకోగల పత్రాలు) వ్యాపారానికీ పథకం ప్రకటించింది. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం యూరప్‌కు పంపేవాళ్లు వాటి తయారీలో వెలువడిన కార్బన్‌కు 2023 అక్టోబరు నుంచే లెక్క చెప్పాల్సి వస్తోంది, 2026 నుంచి ఆ కార్బన్ మీద అక్కడ రుసుము కూడా పడుతుంది. ఆ లెక్క వేసే మనిషి ఫ్యాక్టరీ లోపల మోటార్లు, బాయిలర్లు, కంప్రెసర్లు తిరిగి చూడగలగాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆడిటర్ కావాలంటే బీటెక్ తర్వాత మూడేళ్ల అనుభవం ఉండాలి, నాలుగు పేపర్లు రాయాలి. మీ చుట్టూ ఎన్టీపీసీ, బసంత్‌నగర్ సిమెంటు, ఎరువుల కర్మాగారం, సింగరేణి ఉన్నాయి. ఈ పనికి ఇంతకంటే మంచి ప్రాంతం మన రాష్ట్రంలో తక్కువ.

మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ప్రశ్న: ఆడపిల్ల ఫీల్డు పని చేయగలదా? తెలంగాణలో 2021లోనే ఒక అమ్మాయి హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, జూనియర్ లైన్‌మన్ ఉద్యోగంలో చేరింది. సైటులో టాయిలెట్ ఉందా, రాత్రి షిఫ్టుకు బండి ఉందా, లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోకుండా పని చేయమంటారా అన్నవి చేరేముందు అడగాల్సిన ప్రశ్నలే. అడగడానికి మొహమాటపడొద్దని తనకు చెప్పండి. గనిలో సేఫ్టీ అంటే ఏమిటో మీకు తెలిసినంతగా ఏ కాలేజీ నేర్పలేదు. మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ఒక్క విషయంలో మీ ఉత్తరం నన్ను ఆపేసింది. అందులో యూనివర్సిటీ వాళ్ల మాట ఉంది, తోటి కార్మికుల మాట ఉంది, మీ భయం ఉంది. తనకేం కావాలో మాత్రం లేదు. ఈ ఆదివారం తనతోనే ఒక ఉత్తరం రాయించండి. డిప్లమాలో ఏ ల్యాబు ఇష్టంగా చేసిందో, ఏది బరువనిపించిందో రాయమనండి. ఈసెట్ ర్యాంకు కార్డు కూడా జత చేస్తే వెబ్ ఆప్షన్లలో కాలేజీల వరుస ఎలా పెట్టాలో తనకే నేరుగా రాస్తాను.