సోది వేరు, జోస్యం వేరు

"సోది అంటే పనికిరాని కబుర్లు కదా, పాత కథల్లో 'సోదికి వెళ్లారు' అని ఎందుకు రాస్తారు? జోస్యం అంటే సరిపోదా?" అని అడిగారు.

సరిపోదు. ఈ సంగతి నాకు మా అమ్మమ్మ చీవాట్ల వల్ల తెలిసింది.

నా చిన్నప్పుడు చేతిలో బెత్తం, చంకన బుట్టతో ఒకామె సోది చెప్పడానికి మా వీధికి వచ్చేది. అమ్మమ్మ చేటలో బియ్యం పోసి అరుగు మీద కూర్చోబెట్టేది. ఆమె అమ్మవార్లందరినీ పేరుపేరునా తలచుకుని, ఉన్నట్టుండి గొంతు మార్చి, పోయిన మా తాతయ్యే పలుకుతున్నట్టు "నన్ను మరిచిపోయారు" అనేది. అమ్మమ్మ కళ్లు తుడుచుకునేది. ఒకసారి నేను మధ్యలో దూరి "నేను పదో తరగతి పాసవుతానా?" అన్నాను. "అది జోస్యం చెప్పే పంతులుగారిని అడగాలిరా, ఇక్కడ కాదు" అని అమ్మమ్మ కసిరింది.

జోస్యం లెక్క వ్యవహారం. జ్యోతిషం అన్న మాటే జనం నోట జోస్యమైంది. తిథినో, గ్రహాన్నో, చేతిలోని గీతనో చూసి చెప్పేవాడు తన మాటే చెబుతాడు. సోదిలో నోరు మాత్రమే ఆమెది, మాట దేవతదో పోయినవారిదో. అందుకే అందులో జరగబోయేదానితో పాటు జరిగిపోయిందీ బయటికి వస్తుంది. "సోదికి వెళ్తే పాత రంకు బయటపడ్డట్టు" అన్న సామెత అలా పుట్టిందే. ఎరుక కూడా ఆ కోవదే. ఎరగడం అంటే తెలియడం, రేపటి సంగతే కానక్కరలేదు.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగాన్నీ నేను సోది వైపే చేరుస్తాను. పచ్చి కుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారు పలుకుతుందని భక్తుల నమ్మకం. పత్రికలు దాన్ని భవిష్యవాణి అంటాయి గానీ, వానల మాటతో పాటు పూజల్లో లోటుపాట్లకు నిలదీయడమూ అందులో వినిపిస్తుంది.

పత్రికలంటే గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను "రెండు రోజులు వానలు: వాతావరణ శాఖ జోస్యం" అని శీర్షిక పెట్టాను. మా సీనియర్ "వాళ్లేమైనా చిలకను పెంచుతున్నారా?" అంటూ 'అంచనా' అని దిద్దారు. రాజకీయ నాయకుల విషయంలో మాత్రం "గెలుపు మాదేనని జోస్యం చెప్పారు" అని ఇప్పటికీ రాస్తాం. అందులో కాస్త వెటకారం ఉందని రాసేవారికీ చదివేవారికీ తెలుసు.

శకునం మనిషి చెప్పేది కాదు, ఎదురయ్యేది, లేదా బల్లి పలికేది. కాలజ్ఞానం అంటే మనకు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారిదే. "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అని ఏదైనా జరిగిపోయాకే అంటాం, ముందు ఎవరూ అనగా నేను వినలేదు.

ఇక సోదికి పనికిరాని కబుర్లన్న అర్థం ఎలా వచ్చిందంటారా? ఆ సాగదీత పాట వల్లనే అని నా ఊహ. ఇంట్లో పిల్లలం ఒకరినొకరు "సోది ఆపు" అనుకుంటుంటే అమ్మమ్మ ఉలిక్కిపడేది. "సోది మధ్యలో ఆపకూడదురా, వచ్చినవాళ్లు వెళ్లనిదే!"