పరుగు కాదు, ఎక్కిదిగడమే కాలం తింటోంది

ప్రశ్న: గిడ్డంగిలో ఆర్డర్ పికర్ (ఎత్తైన అరల నుంచి సరుకు తీసే బండి) నడపడం మొదలుపెట్టి మూడు నెలలైంది. జాబితాలో ఉన్న వరుసలోనే సరుకు తీస్తున్నాను, బండిని వేగంగానే తోలుతున్నాను, విరామం కూడా తగ్గించుకున్నాను. అయినా షిఫ్టు ముగిసేసరికి తోటివారి కంటే వెనకబడుతున్నాను. లోపం ఎక్కడుంది?

జవాబు: జాబితా వరుసను అలాగే పాటించడంలోనే ఉందని నా అనుమానం. ఆర్డర్ పికర్‌లో సరుకుతో పాటు మీరు నిలబడే వేదిక కూడా పైకి లేస్తుంది. ఆ ఎత్తు పెరిగేకొద్దీ, బోల్తా పడకుండా ఉండేందుకు, చాలా యంత్రాలు ప్రయాణ వేగాన్ని వాటంతట అవే తగ్గించుకుంటాయి. పై అర నుంచి కింది అరకు, మళ్లీ పై అరకు తిరిగే వరుస అయితే మీ చేతివేగం ఎంతున్నా ఉపయోగం ఉండదు. అందుకే బయలుదేరే ముందు జాబితాను ఒకసారి పూర్తిగా చదివి, ఒకే దారిలో పక్కపక్కనే ఉన్న పై అరల సరుకును ఒక్కసారి లేచినప్పుడే తీసుకోండి. జాబితా చూపే స్కానర్ వరుస మార్చనివ్వకపోతే, అది ర్యాకు నంబరును చూస్తోందే తప్ప ఎత్తును చూడడం లేదని సూపర్‌వైజర్‌కు చెప్పండి. ఆ మార్పు మీ ఒక్కరి చేతిలో లేనిది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. బరువైన పెట్టెలు, సరుకు పేర్చే పీట అయిన ప్యాలెట్‌పై అడుగున ఉండాలి కనుక, దారి కొంచెం పెరిగినా వాటినే ముందు తీయండి, ఎందుకంటే సగం నిండిన ప్యాలెట్‌ను దించి మళ్లీ పేర్చడానికి అంతకంటే ఎక్కువ సమయం పోతుంది. తప్పుడు సరుకు తీసినా అంతే: వెనక్కి వెళ్లి, పైకి లేచి, దాన్ని యథాస్థానంలో పెట్టి, సరైనదాన్ని తేవాలి. ఒకేలా కనిపించే పెట్టెల విషయంలో బొమ్మను నమ్మకుండా కోడ్ చివరి అంకెలు చూడండి.

విరామాన్ని మాత్రం తగ్గించుకోకండి; అలసిన కన్నే అంకెలను తారుమారుగా చదువుతుంది. హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీ) కొక్కెం తగిలించకుండా మిగిల్చుకునే క్షణాలు లెక్కలోకి రావు, వేదిక కడ్డీ మీదుగా వంగి అందుకోవడం అంతకన్నా ప్రమాదకరం. షిఫ్టు మొదట్లోనే బ్రేకు, హారన్, అత్యవసర స్విచ్, గొలుసులు, నూనె కారుడు చూసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీని 20 శాతం కంటే కిందికి దించకూడదు, పూర్తి చార్జింగ్‌కు సుమారు 8 గంటలు పడుతుంది కనుక దాన్నీ అప్పుడే గమనించాలి.

ఒక వారం పాటు, ఒక్కో ఆర్డరుకు ఎన్నిసార్లు పైకి లేచారో రాసిపెట్టుకుని, ముందున్న తోటివారి లెక్కతో పోల్చి చూడండి.