సెషన్ కలిసింది, రూట్లు ఏవీ?

ప్రశ్న: మేడమ్ గారూ, గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బ్రాంచి. రెండు చోట్లా లైనక్స్ సర్వర్లే రౌటర్లు. ఇక్కడి నెట్‌వర్క్ 10.20.0.0/16, అక్కడిది 10.30.0.0/16. ఏఎస్ నంబర్లు (ఒక్కో నెట్‌వర్క్‌కు గుర్తింపు నంబరు) 65001, 65002. పాత రూటింగ్ సాఫ్ట్‌వేర్ క్వాగా తీసేసి దాని బదులు ఎఫ్‌ఆర్‌ఆర్ వేసి, అదే కాన్ఫిగ్ ఎక్కించాను. రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే బీజీపీ సెషన్ కలిసింది, ఫైర్‌వాల్ కూడా ఆపి చూశాను, ఒక్క రూటూ రావడం లేదు. సమ్మరీలో అంకె ఉండాల్సిన చోట ‘పాలసీ’ అని కనబడుతోంది. ఆ పాలసీ చెకింగ్ ఆపేస్తే సరిపోతుందని ఫ్రెండు అంటున్నాడు. ఆపేయనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆపకండి. ఆపగానే రూట్లు వచ్చేస్తాయి, నిజమే. కానీ ఆ చెకింగ్ మీ కాపలా కోసమే పెట్టారు. వేరే ఏఎస్‌తో కలిసినప్పుడు ఏ రూటు తీసుకోవాలో, ఏది పంపాలో మీరు రాసి చెప్పనిదే బీజీపీ ఏదీ తీసుకోకూడదు, ఏదీ పంపకూడదు అని 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8212 చెబుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్త వెర్షన్లు ఇది పాటిస్తాయి. క్వాగాలో ఈ పట్టింపు లేదు. టీసీపీ 179 పోర్టు మీద సెషన్ నిలబడిందంటే ఫైర్‌వాల్ అడ్డం కాదు, ముందు దాన్ని మళ్లీ ఆన్ చేయండి.

వడపోత లేకపోతే ఏమవుతుందో 2008 ఫిబ్రవరి 24న ప్రపంచం చూసింది. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి పాకిస్తాన్ టెలికాం పెట్టుకున్న 208.65.153.0/24 రూటు బయటికి పొక్కింది. పై ప్రొవైడర్ దాన్ని ఆపకుండా ముందుకు పంపాడు. యూట్యూబ్ సొంత ప్రకటన /22 (గీత తర్వాతి అంకె పెరిగేకొద్దీ అడ్రసుల గుంపు చిన్నదవుతుంది). రౌటర్లు ఇంకా నిర్దిష్టమైన /24నే ఎంచుకుంటాయి కదా, రెండు గంటల పాటు చాలా దేశాల్లో యూట్యూబ్ అందలేదు. మాకు రెండు ఆఫీసులే కదా అనుకోవద్దు. రేపు అదే రౌటర్‌ను ఇంటర్నెట్ ప్రొవైడర్‌తో కలిపే రోజుకి, ఈ చెకింగ్ ఆపేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

గుంటూరు సర్వర్‌లో రెండు ప్రిఫిక్స్ లిస్టులు (ఏ అడ్రసుల గుంపులను అనుమతించాలో చెప్పే జాబితాలు) రాయండి. బయటికి 10.20.0.0/16, లోపలికి 10.30.0.0/16, అంతే. నైబర్ (అవతలి రౌటర్) కింద ఒకటి అవుట్, ఒకటి ఇన్ అని తగిలించండి. విజయవాడలో ఇదే తిరగేసి.

అంతటితో తీరదేమోనని నా అనుమానం. మీ కాన్ఫిగ్‌లోని ‘నెట్‌వర్క్’ లైనులో /16 ఉండి, సర్వర్ రూటింగ్ టేబుల్లో 10.20.1.0/24 లాంటి ముక్కలే ఉంటే ఎఫ్‌ఆర్‌ఆర్ 7.4 నుంచి ఆ /16ను ప్రకటించదు. అచ్చంగా అదే ప్రిఫిక్స్ టేబుల్లో ఉండాలి. క్వాగా దీన్ని చూసీ చూడనట్టు వదిలేసేది, అందుకే పాత కాన్ఫిగ్‌తో వచ్చినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు. 10.20.0.0/16కి బ్లాక్‌హోల్‌తో (వచ్చిన ప్యాకెట్లను పారేసేలా) ఒక స్టాటిక్ రూట్, అంటే చేత్తో రాసిన రూట్, పెట్టండి. చిన్న ప్రిఫిక్సులు దానికంటే ముందు పనిచేస్తాయి కాబట్టి మీ ట్రాఫిక్‌కు ఇబ్బంది ఉండదు.

తర్వాత రెండు చోట్లా ‘క్లియర్ బీజీపీ స్టార్ సాఫ్ట్’ కొట్టండి, సెషన్ తెగదు. గుంటూరులో ‘అడ్వర్టైజ్డ్ రూట్స్’ చూడండి. అందులో /16 ఉండి విజయవాడకు చేరకపోతే, తప్పు విజయవాడ ఇన్ లిస్టులో వెతకండి.