పదహారు కోర్ల ప్రాసెసర్‌కు పెట్టే అదనపు డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: నేను సొంతంగా వీడియో ఎడిటింగ్, కొంతవరకు త్రీడీ యానిమేషన్ పనులు చేస్తుంటాను. ప్రస్తుతం వాడుతున్నది పాత 4 కోర్ల డెస్క్‌టాప్. రోజుకు సుమారు రెండు గంటలు రెండరింగ్‌కే (దృశ్యాలను కంప్యూటర్ తుది వీడియోగా మార్చే పనికే) పోతున్నాయి. కొత్త కంప్యూటర్ కోసం రెండు కొటేషన్లు తీసుకున్నాను. 8 కోర్ల ప్రాసెసర్ ఉన్నదానికి నా రెండు నెలల ఆదాయం, 16 కోర్లదానికి మూడు నెలల ఆదాయం ఖర్చవుతుంది. రెండు నెలల ఆదాయం ఇందుకోసమే దాచుకున్నాను. నాలుగు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి విడిగా ఉంది. 16 కోర్లదే కొనాలని ఉంది. తక్కువ పడిన మొత్తాన్ని ఆ నిధి నుంచి తీయమంటారా, వాయిదాల మీద తీసుకోమంటారా?

సమాధానం: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు అడిగారు. అంతకంటే ముందు, ఆ అదనపు నెల ఆదాయాన్ని ఈ యంత్రం మీకు తిరిగి సంపాదించి పెడుతుందా అన్నది తేలాలి. పని కోసం కొనే కంప్యూటర్ పనిముట్టే కాబట్టి, దానిలోని కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాల) సంఖ్యకు కాకుండా అది మీకు మిగిల్చే సమయానికి విలువ కట్టాలి.

ఈ కంప్యూటర్ నాలుగేళ్లు, అంటే 48 నెలలు మీకు పనికొస్తుందని, మీరు నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తారని అనుకుందాం. అప్పుడు మీ నెల ఆదాయం 200 గంటల పనికి సమానం. ఆ 200 గంటలను నాలుగేళ్లలోని 1,200 పనిదినాలకు పంచితే రోజుకు సరిగ్గా 10 నిమిషాలు వస్తాయి. అంటే 8 కోర్లదాని కంటే 16 కోర్లది మీకు ప్రతి పనిదినంలో కనీసం 10 నిమిషాలు ఎక్కువగా మిగల్చాలి, మీరు ఆ 10 నిమిషాలను ఎవరో ఒకరికి డబ్బుకు అమ్ముకోగలగాలి. ఈ రెండు షరతుల్లో రెండోదే కష్టమైనదని నా అభిప్రాయం. అయితే మొదటిది కూడా పైకి కనిపించినంత సులువు కాదు.

కోర్లు రెట్టింపయితే పని సమయం సగమవుతుందని చాలామంది నమ్ముతారు. అలా ఎందుకు జరగదో కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లోనే వివరించారు. ఏ పనిలోనైనా కొంత భాగాన్ని అనేక కోర్లకు పంచవచ్చు, మిగిలిన భాగం మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి. కోర్లు ఎన్ని చేర్చినా ఈ రెండో భాగం తరగదు. మీ రెండరింగ్ పనిలో, ఒకే కోర్ మీద పట్టే సమయంతో కొలిస్తే, 80 శాతాన్ని పంచవచ్చనుకుంటే, అదే వేగం గల కోర్లతో 4 కోర్ల మీద 120 నిమిషాలు పట్టే పని 8 కోర్ల మీద 90 నిమిషాల్లో, 16 కోర్ల మీద 75 నిమిషాల్లో పూర్తవుతుంది. 4 నుంచి 8కి వెళ్లినప్పుడు నాలుగు కోర్లు చేర్చి 30 నిమిషాలు గెలిచారు. 8 నుంచి 16కి వెళ్లినప్పుడు ఎనిమిది కోర్లు చేర్చి గెలిచినవి 15 నిమిషాలే.

పదిహేను పది కంటే ఎక్కువే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ కొత్త ప్రాసెసర్‌లో ఒక్కొక్క కోర్ కూడా మీ పాతదాని కంటే వేగంగా పనిచేస్తుంది. ఆ వేగం రెండింతలు అనుకుంటే పై అంకెలన్నీ సగమవుతాయి: 8 కోర్ల మీద 45 నిమిషాలు, 16 కోర్ల మీద 37న్నర నిమిషాలు. తేడా ఏడున్నర నిమిషాలకు పడిపోయింది, అంటే ఖర్చు తిరిగి రావడానికి కావలసిన 10 నిమిషాల కంటే తక్కువ. త్రీడీ రెండరింగ్‌లా పనిలో 95 శాతాన్ని పంచగలిగితే మాత్రం 8 కోర్ల మీద 35 నిమిషాలు, 16 కోర్ల మీద 23 నిమిషాలు పట్టి, తేడా 12 నిమిషాలుగా నిలుస్తుంది. వాస్తవంలో ఈ తేడా కూడా కొంత తగ్గుతుంది. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు ప్రాసెసర్ వేడిని, విద్యుత్తును అదుపులో ఉంచడానికి వేగాన్ని కొంత తగ్గించుకుంటుంది, పైగా సాధారణ డెస్క్‌టాప్ బోర్డుల్లో మెమరీకి ఉండే రెండే ఛానెళ్లను (డేటా వెళ్లే దారులను) 8 కోర్లయినా 16 కోర్లయినా పంచుకోవలసిందే.

మీ పనిలో ఏది ఎంత శాతమో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, మీరు ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకోగలరు. రెండరింగ్ నడుస్తుండగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి, పనితీరు చూపే పేజీలో ప్రాసెసర్ గ్రాఫును ఒక్కొక్క లాజికల్ ప్రాసెసర్‌కు (కోర్ ఒకేసారి నడపగల ఒక్కో పని వరుసకు, దీన్నే థ్రెడ్ అని కూడా అంటారు) విడివిడిగా కనిపించేలా మార్చి చూడండి. మొదటి నుంచి చివరి వరకు గళ్లన్నీ నిండుగా ఉంటే మీ పని కోర్లను నిజంగా వాడుకుంటున్నట్టు. 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో మొత్తం వాడకం 12, 13 శాతం దగ్గరే చాలాసేపు నిలిచిపోతే, ఒక్క థ్రెడ్ మాత్రమే పనిచేస్తూ మిగిలినవి ఖాళీగా ఉన్నట్టు. అలాంటి పనికి 16 కోర్లు పెట్టినా ప్రయోజనం ఉండదు. అదే సమయంలో మెమరీ నిండిపోయి, డిస్క్ 100 శాతం దగ్గర ఆగిపోతుంటే లోటు ప్రాసెసర్‌లో లేదు, డబ్బు పెట్టవలసింది మెమరీ మీద, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) మీద. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫెక్టులను, ఎన్‌కోడింగ్‌ను (వీడియోను కుదించి ఫైలుగా మార్చడాన్ని) గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తోందేమో కూడా తప్పక చూడండి. అలా అయితే మీ నిరీక్షణను ఎక్కువగా తగ్గించేది ఆ కార్డే.

కొటేషన్లను పోల్చేటప్పుడు కోర్ల సంఖ్యనే చూడకండి. ఇంటెల్ కోర్ ఐ9-13900కేలో 24 కోర్లు ఉన్నా వాటిలో 8 మాత్రమే పూర్తి సామర్థ్యం గలవి, మిగిలిన 16 తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న కోర్లు. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌లో 16 కోర్లే ఉన్నా అవన్నీ ఒకే రకానివి. కాబట్టి మీరు వాడే సాఫ్ట్‌వేర్‌తోనే చేసిన పరీక్షల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. ఈ తరగతి ప్రాసెసర్లు పూర్తి భారం మీద 200 వాట్లకు పైగా తీసుకోగలవు కాబట్టి, కూలర్, పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ స్థాయికి తగినవేనా, వాటి ఖర్చు కొటేషన్‌లో ఉందా అని అడగండి. కరెంటు బిల్లు గురించి ఎక్కువ ఆలోచించనక్కర లేదు: 100 వాట్లు అదనంగా, రోజుకు రెండు గంటలు, ఏడాదికి 300 రోజులు వాడినా 60 యూనిట్లే అవుతుంది.

ఇక నిధి సంగతి. అత్యవసర నిధి నుంచి ఒక నెల ఆదాయం తీస్తే మూడు నెలల ఖర్చులకు కూడా సరిపోనంతగా అది తగ్గిపోతుంది. నెల జీతం లేని, పని వచ్చినప్పుడే డబ్బు వచ్చే మీలాంటి వారికి ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను. ఇప్పటికే తక్కువగా ఉన్న దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. మీకు పని ఇచ్చే ఒక క్లయింట్ రెండు నెలలు చెల్లింపు ఆపితే, అద్దెను 16 కోర్లు కట్టలేవు. వాయిదాలైతే వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము కలిసి మనం లెక్కవేసిన 10 నిమిషాలను మరింత పెంచుతాయి. వడ్డీ లేని వాయిదాలన్నా సరే, ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపును వదులుకుంటున్నారేమో ముందు కనుక్కోండి.

అందుచేత దాచుకున్న డబ్బుతోనే 8 కోర్ల కంప్యూటర్‌ను కొనడం మంచిదని నా సలహా. అయితే తర్వాత ఇంతకంటే పెద్ద ప్రాసెసర్‌ను అదే మదర్‌బోర్డులో పెట్టుకునే వీలున్న సాకెట్‌ను (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును) ఎంచుకోండి. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద 2017లో 8 కోర్ల రైజెన్ 7 1800ఎక్స్ వచ్చింది, 2020లో 16 కోర్ల రైజెన్ 9 5950ఎక్స్ కూడా అదే సాకెట్ మీద వచ్చింది. తర్వాత బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లతో చాలా పాత బోర్డులు కూడా ఆ కొత్త ప్రాసెసర్‌ను స్వీకరించాయి. ప్రతి సాకెట్‌కూ ఇంత ఆయుష్షు ఉండదు కాబట్టి బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల జాబితాను చూసి కొనండి.

రెండు షరతులు కలిసి నెరవేరితే నేను దీనికి భిన్నంగా చెబుతాను. మీ రెండరింగ్‌లో ఎక్కువ భాగం త్రీడీ అయి, అది పగటిపూట రోజుకు నాలుగైదు గంటలు మిమ్మల్ని కూర్చోబెడుతుంటే ఒకటి. గడువు అందుకోలేక గత మూడు నెలల్లో నిజంగా పనులు తిప్పిపంపి ఉంటే రెండోది. ఈ రెండూ మీ విషయంలో నిజమైతే 16 కోర్లదే కొనండి, తక్కువ పడిన మొత్తాన్ని ఏడాదిలోపు తీరిపోయే వాయిదాల మీద తీసుకోండి. అలా కాక, రెండరింగ్‌ను రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి పొద్దున్నే చూసుకునే అలవాటు మీదైతే, మిగిలే నిమిషాలు మీ నిద్రలోనే గడిచిపోతాయి, వాటిని అమ్ముకోలేరు. ఆర్డర్ ఇచ్చే ముందు రెండు వారాల పాటు రెండరింగ్ మొదలైన వేళను, పూర్తయిన వేళను, ఆ సమయంలో మీరు వేరే పని చేసుకున్నారా లేక ఊరికే ఎదురుచూశారా అన్నదాన్ని ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఎదురుచూసిన నిమిషాలను మాత్రమే కూడి, పైన చూపిన పద్ధతిలో మీ సొంత అంకెలతో లెక్క వేయండి.