క్రాక్ కాపీ వచ్చిందని గేమ్‌లు చేయడం మానేయాలా? కాపీలు తీసి అమ్మినవాడిగా నా జవాబు

మీ తమ్ముడు ఇంజనీరింగ్ అయ్యాక గుంటూరులో ఇంట్లోనే కూర్చుని, ఏడాదిన్నర కష్టపడి ఒక చిన్న కంప్యూటర్ గేమ్ చేశాడని రాశారు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అమ్మకానికి పెట్టిన నాలుగో రోజుకే, డబ్బు కట్టకుండా ఆడేలా క్రాక్ చేసిన కాపీ టెలిగ్రామ్‌లో తిరుగుతోందనీ, ఇంట్లోవాళ్ళు ఇక ఉద్యోగం చూసుకోమంటున్నారనీ అన్నారు. ఈ పైరసీ కాలంలో గేమ్‌లు చేసేవాళ్ళకూ, పాటలు చేసేవాళ్ళకూ బతుకు ఉందా అని మీ ప్రశ్న.

నేను గేమ్‌లు చేసినవాణ్ణి కాదు. కాపీలు తీసి అమ్మినవాణ్ణి. విజయవాడ గవర్నర్‌పేటలో మా మావయ్య పెట్టిన రికార్డింగ్ సెంటర్‌లో 1996లో పనికి కుదిరాను. తర్వాత ఆ షాపు నేనే నడిపాను. 2017లో మూసేశాను. ఈ ఇరవై ఏళ్ళలో అటువైపు నుంచి చూసింది చెబుతాను.

రికార్డింగ్ సెంటర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. జనం తమకు కావలసిన పాటల పేర్లు నోటుబుక్కు కాగితం మీద రాసుకొచ్చేవాళ్ళు. మేం వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్ళం. అరవై నిమిషాల క్యాసెట్ అయితే వైపుకు ఆరేసి పాటలు, తొంభై అయితే తొమ్మిదేసి. చివరి పాట సగంలో తెగిపోతే షాపు ముందు గొడవే. అందుకని ఏ పాట ఎన్ని నిమిషాలో మావయ్యకు నోటికి వచ్చు. ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించుకున్నవాళ్ళు బండి తీసుకెళ్ళే ముందు మా దగ్గరికొచ్చి పది క్యాసెట్లు చేయించుకునేవాళ్ళు. అది దొంగతనమని మాకు ఎప్పుడూ తోచలేదు. చేతి పని అనుకునేవాళ్ళం.

తర్వాత ఎంపీత్రీ వచ్చింది. ఒక్క సీడీలో నూట యాభై పాటలు పట్టేవి. అదే సీడీ రైటర్‌తో గేమ్‌లు కూడా కాపీ చేయడం మొదలుపెట్టాం. 2003 నుంచి నాలుగైదేళ్ళు ఇంటర్ పిల్లలు అడిగింది ఎక్కువగా జీటీఏ వైస్ సిటీయే. సీడీతో పాటు చిన్న చీటీ ఇచ్చేవాణ్ణి. ముందు ఇన్‌స్టాల్ చెయ్యాలి, తర్వాత క్రాక్ ఫైలును ఫోల్డర్‌లో పేస్ట్ చెయ్యాలి అని తెలుగులో రాసి. ఒరిజినల్ కావాలని అడిగిన పిల్లలూ ఉన్నారు. ఒకబ్బాయి పుట్టినరోజు డబ్బులు పట్టుకుని బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు తిరిగి తిరిగి, దొరక్క మా షాపుకే వచ్చాడు. వాడికీ కాపీయే ఇచ్చాను.

ఇక్కడ ఒకసారి తేదీలు చూడండి. అమెరికాలో జనం పాటల ఫైళ్ళు ఊరికే పంచుకునే నాప్‌స్టర్ 1999లో మొదలైంది, కోర్టు కేసులతో 2001లో ఆగిపోయింది. పాటను విడిగా కొనుక్కునే ఐట్యూన్స్ స్టోర్ 2003లో వచ్చింది. మన దేశానికి అది వచ్చింది 2012 డిసెంబరులో. స్టీమ్ కూడా 2003లోనే వచ్చింది కానీ, అక్కడ రూపాయల్లో ధరలు కనపడింది 2015లో. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫై 2008లో మొదలై ఇండియాకు 2019లో వచ్చింది. అంటే డబ్బిచ్చి కొనుక్కుందామన్నవాడికి కూడా పదేళ్ళ పాటు తలుపు వేసే ఉంది. ఆ పదేళ్ళూ మాలాంటివాళ్ళమే వాళ్ళకు దుకాణం.

స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ అధినేత గేబ్ న్యూవెల్ పైరసీ గురించి ఒక మాట చెబుతుంటారు. అది ధర సమస్య కన్నా ఎక్కువగా సేవకు సంబంధించిన సమస్య అని. సగం ఒప్పుకుంటాను. మా ఊరి పిల్లాడికి డాలర్ల ధర కూడా సమస్యే. కానీ మిగతా సగం నిజమని నా షాపే సాక్ష్యం. మా మీద ఎవరూ దాడి చేయలేదు, పోలీసులు రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అప్పటికి మా ఆదాయమంతా మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడమే. రెండు జీబీ చిప్ నింపితే ఇరవై రూపాయలు. ఆటోవాళ్ళు, తాపీ పనివాళ్ళు, మిర్చి యార్డుకు వెళ్ళేవాళ్ళు అందరూ అందుకే వచ్చేవాళ్ళు. ఆరు నెలల్లో వాళ్ళు రావడం ఆగిపోయింది. కావలసిన పాట ఫోన్‌లో వెంటనే వస్తుంటే నా దగ్గరికి ఎందుకొస్తారు?

గేమ్‌లలో మార్పు ఇంకో రకంగా జరిగింది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చినప్పుడు మా సందులో పిల్లలందరి ఫోన్లలో అదే. ఊరికే ఇచ్చేదాన్ని కాపీ కొట్టేదేముంది? ఆట నడిచేది కంపెనీ సర్వర్‌లో, డబ్బు వచ్చేది ఆటలో బొమ్మలు వేసుకునే బట్టలకూ తుపాకుల రంగులకూ. పెద్ద కంపెనీలు పైరసీని అలా దాటేశాయి. కానీ దీంట్లో నష్టం కూడా ఉంది. ద క్రూ అనే కార్ల గేమ్‌ను జనం డబ్బు పెట్టి కొనుక్కున్నారు. 2024లో దాన్ని అమ్మిన కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేస్తే ఆట మొత్తం పోయింది. ఇది ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇది ఎవరికీ రాసి చెప్పలేదు.

2003లో తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక కోలాటం గురువుగారు మా షాపుకు వచ్చారు. పాటలు ఆయనే కట్టి, ఆయనే పాడి, అప్పు చేసి స్టూడియోలో రికార్డు చేయించి, అయిదు వందల క్యాసెట్లు వేయించుకున్నారు. మొత్తం ఎనిమిది పాటలు. నలభై క్యాసెట్లు మా దగ్గర పెట్టారు. ధర ముప్పై అయిదు, అందులో మాకు ఏడు.

పది రోజులకు ఒకావిడ వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కోలాటం జట్టు నడుపుతుంది. ప్రాక్టీసుకు జట్టులో అందరి ఇళ్ళల్లో క్యాసెట్ ఉండాలట. ఒకటి కొని, "దీన్నే పది తీసివ్వు తమ్ముడూ, ఖాళీ క్యాసెట్ చవకది వెయ్యి" అంది. ఇరవైకి ఒకటి చొప్పున తీసిచ్చాను. ఆవిడను చూసి ఇంకో ఊరివాళ్ళు వచ్చారు. తర్వాత ఇంకో ఊరు. అన్నీ కలిపి అరవై కాపీలకు పైనే తీశాను. నాకు ఒరిజినల్ మీద కన్నా కాపీ మీదే ఎక్కువ మిగిలేది.

సంక్రాంతికి ఆయన లెక్క చూసుకోవడానికి వచ్చారు. నలభైలో తొమ్మిదే అమ్ముడుపోయాయి. "మొన్న ముక్కోటికి ఏ ఊరెళ్ళినా మన పాటే వినపడింది బాబూ. క్యాసెట్లు మాత్రం కదలటం లేదు. కాస్త ముందు వరసలో పెడతావా?" అన్నారు. సరే అన్నాను. పెట్టాను కూడా. నిజం మాత్రం చెప్పలేదు. ఆయన సంచిలో ఒక నోటుబుక్కు ఉంది. రెండో క్యాసెట్‌కు పాటలు రాసి పెట్టుకున్నారు.

అది రాలేదు.

సినిమా పాటలు కాపీ చేసినప్పుడు నష్టపోయిన మనిషి నా కళ్ళ ముందు లేడు. వాళ్ళకు థియేటరు ఉంది, రేడియో ఉంది. ఈయనకు ఉన్నది ఆ క్యాసెట్ ఒక్కటే. పైరసీ దెబ్బ అందరికీ ఒకేలా తగలదని నాకు తెలిసింది అక్కడే. పెద్దవాడికి అది లాభంలో కోత. చిన్నవాడికి ఇంకో క్యాసెట్ చేసే అవకాశమే పోతుంది.

2021లో వాళ్ళబ్బాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పాటల్ని ఎవరో యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టుకున్నారు. లక్షల వ్యూస్, మధ్యలో యాడ్స్, గురువుగారి పేరు ఎక్కడా లేదు. స్టూడియో టేపు ఎప్పుడో పోయింది. ఇంట్లో ఉన్న క్యాసెట్లు వరద నీళ్ళకు పాడయ్యాయి. మా అటక మీద మాత్రం అమ్ముడుపోని క్యాసెట్లు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి, కవరు కూడా విప్పకుండా. లోపలి కార్డు మీద ఆయన ఫొటో, పేరు, సంవత్సరం. దాన్ని ఆధారంగా చూపించి కాపీరైట్ ఫిర్యాదు పెడితే ఆ వీడియోలు తీసేశారు. అదే క్యాసెట్ నుంచి పాటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి వాళ్ళ సొంత ఛానెల్‌లో పెట్టాం. సర్వర్ ఆగిపోతే ఆట పోయిందని పైన అన్నది ఇందుకే. చేతిలో ఒక వస్తువు మిగిలింది కాబట్టి ఈ పాటలు దక్కాయి.

ఇప్పుడు ఆ పాటల కింద ఎన్నో ఊళ్ళ ఆడవాళ్ళు రాస్తున్నారు, చిన్నప్పుడు దీనికే ఆడామని, ఇప్పుడు మా పిల్లలకు నేర్పిస్తున్నామని. వాళ్ళు విన్నది చాలావరకు ఆ ఇరవై రూపాయల కాపీలే అయ్యుంటాయి. అది కూడా నిజమే కాబట్టి చెబుతున్నాను. కానీ ఆ మాట నా తప్పును కొట్టేయదు. వాళ్ళబ్బాయి వచ్చిన రోజే గురువుగారి దగ్గరికి వెళ్ళి చేసిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ డబ్బు వచ్చుంటే రెండోది చేసేవాణ్ణి" అన్నారు. అంతే.

అందుకే మీ తమ్ముడి విషయంలో నేను ఆలోచించేది ఈ గేమ్ గురించి కాదు, రెండో గేమ్ గురించి.

క్రాక్ వచ్చిందంటే గేమ్ చచ్చిపోయిందని కాదు. 2013లో ఆస్ట్రేలియాలో కంపెనీ పెట్టిన అన్నదమ్ములు ఇద్దరు గేమ్ డెవ్ టైకూన్ అనే ఆట చేశారు. అమ్మకం మొదలైన రోజే తామే ఒక మార్చిన కాపీని, జనం ఫైళ్ళు ఊరికే పంచుకునే టోరెంట్లలో వదిలారు. దాంట్లో ఆడేవాడి కంపెనీ పైరసీ వల్ల దివాలా తీస్తుంది. మొదటి రోజు ఆడినవాళ్ళలో నూటికి తొంభై ముగ్గురికి పైగా ఆడింది ఆ ఉచిత కాపీయే. కొన్నవాళ్ళు 214 మంది. అయినా ఆ గేమ్ తర్వాత స్టీమ్‌లో బాగా అమ్ముడైంది. ఆ 214 మందిని చూసి వాళ్ళు మానేయలేదు.

మీ తమ్ముడికి చెప్పండి, టెలిగ్రామ్ ఛానెళ్ళ వెంట పడి రాత్రులు పాడుచేసుకోవద్దని. తొలగించమని ఫిర్యాదు ఒకసారి పెట్టాలి, హక్కు అతనిదే. మన చట్టంలో కాపీరైట్ పని పూర్తయిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఒకటి తీయిస్తే రెండు వస్తాయి. ఆ సమయం గేమ్ మీద పెడితే మేలు. తప్పులు సరిచేసి, కొత్త లెవెల్ చేర్చి అప్‌డేట్ ఇస్తే కొన్నవాళ్ళకు అది దానంతటదే వస్తుంది. క్రాక్ వాడేవాడు మళ్ళీ వెతుక్కోవాలి. మా షాపులో కాపీ కొన్నవాళ్ళు విసిగిపోయేది అక్కడే, పేస్ట్ చేసిన ఫైలు పనిచేయక రెండు మూడుసార్లు తిరిగేవాళ్ళు.

ఉచిత డెమో ఒకటి పెట్టమనండి. ఇండియా ధర చూడమనండి. డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి అలాగే పెట్టేస్తే మన పిల్లలు కొనలేరు. స్టీమ్ ముప్పై శాతం తీసుకుంటుంది, రెండు గంటల లోపు ఆడినవాడు పద్నాలుగు రోజుల్లో డబ్బు వెనక్కి అడగవచ్చు. ఈ లెక్కలు వేసుకునే ధర పెట్టాలి. గేమ్ మొదటి తెర మీద అతని పేరు, ఊరు, అసలు గేమ్ ఎక్కడ దొరుకుతుందో స్పష్టంగా ఉండాలి. క్రాక్ కాపీలో కూడా ఆ తెర వెళుతుంది. గురువుగారి కార్డు మీద పేరు ఉంది గనకే ఆయన పాటలు ఆయనకు తిరిగొచ్చాయి. నేను తీసిచ్చిన చవక క్యాసెట్ల మీద ఏ పేరూ లేదు.

పాటలు చేసేవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం, అది ఒప్పుకోవాలి. స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో వెయ్యి సార్లయినా వినకపోతే దానికి అసలు డబ్బు రాదు, 2024 నుంచి అదే నియమం. ఊరి గాయకుడికి వెయ్యి క్యాసెట్లు అమ్మడం ఎంత కష్టమో, స్పాటిఫైలో ఆ వెయ్యిసార్లు దాటి బతకడానికి సరిపడా సంపాదించడం అంతకన్నా కష్టం. గేమ్ చేసినవాడికి ఇంకా ఒక్కో కాపీకి ధర వస్తోంది. ఆ తేడా మీ ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

ఉద్యోగం చూసుకోవడం తప్పు కాదు, అప్పు ఉంటే తప్పకుండా చేరాలి. కానీ రెండో గేమ్‌కు రాసుకున్న నోటుబుక్కు ఏదైనా ఉంటే మూయనివ్వకండి. ఈ గేమ్ పేరు ఇక్కడ రాయండి. మా అబ్బాయికి ఒకటి, గురువుగారి మనవడికి ఒకటి, రెండు కొంటాను.